నేల కింద పెట్రోలు, రోడ్డు మీద క్యూ

2012 నవంబరు 2, శుక్రవారం. న్యూజెర్సీలో తెరిచి ఉన్న ఏ పెట్రోలు బంకు దగ్గర చూసినా రెండు వరసలు. ఒకటి కార్లది. అది రోడ్డు పొడుగునా సాగి, మలుపు తిరిగి, ఎక్కడ ముగిసిందో కనపడదు. రెండోది మనుషులది. ఒక్కొక్కరి చేతిలో ఒక ఎర్ర ప్లాస్టిక్ డబ్బా, కొందరికి రెండు. వీళ్లలో చాలామందికి పెట్రోలు కావాల్సింది కారుకు కాదు, ఇంటి వెనక పెట్టుకున్న జనరేటరుకి. సెల్లార్‌లో ఇంకా నీళ్లున్నాయి, మోటారు పెట్టి తోడాలి. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. కరెంటు పోయి, హీటరు ఆగి నాలుగు రోజులైంది. రాత్రి చలికి పిల్లలు కోట్లు వేసుకునే పడుకుంటున్నారు.

అమెరికా ఇంధన సమాచార సంస్థ ఆ రోజు న్యూయార్క్ మహానగర ప్రాంతంలో సర్వే చేస్తే, 67 శాతం బంకుల్లో అమ్మడానికి పెట్రోలు లేదని తేలింది. అంటే మూడు బంకులకు రెండు మూత. శాండీ తుపాను తీరం దాటింది అక్టోబరు 29 రాత్రి. గాలి ఎప్పుడో ఆగిపోయింది. చాలా వీధుల్లో నీళ్లు తీసేశాయి. అయినా పెట్రోలు కష్టం తగ్గకపోగా రోజురోజుకీ ముదిరింది. చమురు వాడకంలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న దేశంలో, అందులోనూ అతి పెద్ద నగరం పక్కనే ఇలా ఎందుకు జరిగింది?

పెట్రోలు లేక కాదు. పెట్రోలు ఉంది. బంకుల కింద ట్యాంకుల్లో ఉంది, రేవులోని డిపోల్లో ఉంది, సముద్రంలో లంగరు వేసుకున్న ఓడల్లోనూ ఉంది. దాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఎత్తిపోసే మోటార్లు ఆగిపోయాయి. శాండీ తర్వాత అక్కడి జనం పడ్డ పాట్లలో సగానికి మూలం ఇదే. దీన్ని సరిగ్గా అర్థం చేసుకోనందువల్ల ప్రభుత్వాలు, ప్రజలు కలిసి కష్టాన్ని ఇంకొంత పెంచుకున్నారు కూడా.

ముందు నీళ్ల సంగతి. గాలి లెక్కన చూస్తే శాండీ భయంకరమైన తుపాను కాదు. అట్లాంటిక్ సిటీకి దగ్గర్లో, బ్రిగంటైన్ అనే ఊరి దగ్గర తీరం దాటేటప్పుడు గాలివేగం గంటకు 130 కిలోమీటర్ల లోపే. కానీ దాని విస్తీర్ణం చాలా పెద్దది. వందల మైళ్ల మేర గాలి సముద్రాన్ని తీరం వైపు తోసుకుంటూ వచ్చింది. పైగా ఆ రోజు పౌర్ణమి. సముద్రం పోటు మీదున్న సమయానికే ఉప్పెన కూడా వచ్చి కలిసింది. మన్‌హట్టన్ దక్షిణ కొసన ఉన్న బ్యాటరీ దగ్గర నీటిమట్టం 14 అడుగులు దాటింది. అంతకుముందు రికార్డు 1960లో డోనా తుపాను నాటి 10 అడుగులు. ఒకేసారి నాలుగు అడుగులు ఎక్కువ. దివిసీమ ఉప్పెన గురించి విని పెరిగిన తెలుగువాళ్లకు ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు. గాలి ఇంటి పైకప్పును ఎత్తుకుపోతుంది, ఉప్పెన ఊరినే ముంచుతుంది. న్యూయార్క్ నగరంలో ఆ తుపానుకు పోయిన నలభై మందికి పైగా జనంలో సగానికి పైగా స్టాటెన్ ఐలండ్‌లోనే పోయారు. వాళ్లలో చాలామంది మునిగింది తమ ఇళ్లలోనే.

హడ్సన్ నది ఒడ్డున, మన్‌హట్టన్‌కు ఎదురుగా హోబోకెన్ అనే చిన్న ఊరుంది. ఒక చదరపు మైలు పైన కొంచెం విస్తీర్ణం. అందులో సగం ఊరు మునిగింది. సుమారు 20 వేల మంది ఇళ్లలో చిక్కుకుపోయారు. ఊరు గిన్నెలా ఉంటుంది, అంచులు ఎత్తు, మధ్య పల్లం. నది దిగిపోయినా గిన్నెలో నీళ్లు నిలిచిపోయాయి. ఆ నీళ్లలో మురుగు కలిసింది, నూనె కలిసింది. నేషనల్ గార్డు సైనికులు ఎత్తయిన లారీల్లో వచ్చి జనాన్ని మెట్ల మీద నుంచి ఎక్కించుకున్నారు. కరెంటు ఉన్న వీధుల్లో కొందరు తమ కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు బయటికి వేలాడదీసి, ఎవరైనా వచ్చి ఫోను చార్జింగ్ పెట్టుకోవచ్చని కాగితం అంటించారు. ఆ వారం మొత్తంలో ఇంతకంటే మంచి సహాయ కార్యక్రమం వెతికినా దొరకదు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక్క తీగ చాలు.

ఉప్పెన నీటికి ఒక లక్షణముంది. అది పల్లం వెతుక్కుంటుంది. ఆధునిక నగరం తన గుండెకాయలన్నీ పల్లంలోనే పెట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మరు సెల్లార్‌లో, బాయిలరు సెల్లార్‌లో, నీటి మోటారు సెల్లార్‌లో, డీజిలు ట్యాంకు సెల్లార్‌లో. పై అంతస్తులు అద్దెకు, కింద యంత్రాలకు. దీని ఫలితం మన్‌హట్టన్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో కళ్లకు కట్టినట్టు కనిపించింది. ముందుచూపుతో జనరేటర్లను 13వ అంతస్తులో పెట్టారు. వరద అక్కడికి రాదు కదా. కానీ వాటికి డీజిలు ఎత్తిపోసే పంపులు సెల్లార్‌లో ఉన్నాయి. అవి మునిగాయి. అప్పుడు సిబ్బంది, నేషనల్ గార్డు సైనికులు మెట్ల మీద వరసగా నిలబడి, డీజిలు డబ్బాలు చేతి నుంచి చేతికి అందిస్తూ 13 అంతస్తులు ఎక్కించారు. ఆ మనుషుల గొలుసే పంపు. చివరికి ఆ ఆసుపత్రినీ ఖాళీ చేయాల్సి వచ్చింది. పక్కనే ఉన్న ఎన్‌వైయూ లాంగోన్ ఆసుపత్రిలో తుపాను రాత్రే కరెంటు పోయి, జనరేటర్లు ఆగి, 300 మందికి పైగా రోగులను మెట్ల మీదుగా దించారు. పసికందులను నర్సులు చేతుల్లో పెట్టుకుని, చేత్తో ఊపిరి పంపు నొక్కుతూ చీకట్లో అంతస్తులు దిగారు.

బంకుల కథ కూడా ఆ 13వ అంతస్తు జనరేటరు కథే. కాకపోతే పెద్ద ఎత్తున జరిగింది.

న్యూయార్క్, ఉత్తర న్యూజెర్సీ ప్రాంతానికి పెట్రోలు మూడు దారుల్లో వస్తుంది. హ్యూస్టన్ నుంచి కలోనియల్ పైపులైన్ వస్తుంది. అది దక్షిణ రాష్ట్రాల మీదుగా వచ్చి న్యూజెర్సీలోని లిండెన్‌లో ముగుస్తుంది. ఓడల మీద న్యూయార్క్ రేవుకు వస్తుంది. ఇక మూడోది స్థానిక రిఫైనరీలు. లిండెన్ దగ్గరే ఉన్న బేవే రిఫైనరీ సామర్థ్యం అప్పట్లో రోజుకు 2,38,000 బ్యారెళ్లు. మూడూ కలిసేది ఒక్క చోటే. స్టాటెన్ ఐలండ్‌కూ న్యూజెర్సీకీ మధ్య ఉన్న సన్నని ఉప్పునీటి పాయ ఆర్థర్ కిల్, దాని ఒడ్డు. ట్యాంకులు, జెట్టీలు, లారీలు నింపుకునే ర్యాకులు అన్నీ ఆ గట్టు మీదే. ఎడిసన్, ఐసలిన్‌లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల ఓక్ ట్రీ రోడ్డు నుంచి ఆ గట్టుకు కారులో అరగంట కూడా పట్టదు. తమ కార్లలో పోసుకునే పెట్రోలు ఎక్కడి నుంచి వస్తుందో ఆ తుపానుకు ముందు వాళ్లలో ఎంతమంది ఆలోచించి ఉంటారు? అవసరమే రాలేదు.

ఉప్పెన ఆ గట్టునే కొట్టింది. బేవే రిఫైనరీలోకి ఉప్పునీరు చేరి కరెంటు పరికరాలు పాడయ్యాయి. అది మళ్లీ పూర్తిగా నడవడానికి వారాలు పట్టింది. కలోనియల్ పైపులైన్‌కు లిండెన్‌లో కరెంటు లేక ఆగింది. తర్వాత జనరేటర్లు తెచ్చి నడిపించారు. సెవారెన్ దగ్గర ఒక డిపోలో ట్యాంకు దెబ్బతిని మూడు లక్షల గ్యాలన్లకు పైగా (గ్యాలను అంటే సుమారు 3.8 లీటర్లు) డీజిలు పాయలో కలిసింది. కోస్ట్ గార్డు రేవు మూసేసింది. తెరిచాక ఓడ లోపలికి వచ్చినా సరుకు దించే జెట్టీ వంగిపోయి ఉంది, లేదా పంపుకు కరెంటు లేదు. మంచినీటి వరదైతే మోటారు ఆరబెట్టి చూడొచ్చు. ఉప్పునీరు అలా కాదు. పైకి ఎండినా లోపల తీగలను తింటూనే ఉంటుంది. కడగాలి, విప్పాలి, చాలాసార్లు కొత్తది వెయ్యాలి. నీళ్లు పోయాక కూడా కష్టం ముదరడానికి ఇదొక కారణం.

అటు బంకుల్లోనూ అంతే. బంకు ట్యాంకు నేల కింద ఉంటుంది. పైకి తోడేది కరెంటు మోటారు. తుపాను దెబ్బకు 85 లక్షల ఇళ్లు, దుకాణాలకు కరెంటు పోయింది. వాటిలో బంకులూ ఉన్నాయి. దీంతో విచిత్రమైన పరిస్థితి. ట్యాంకు నిండా పెట్రోలున్న బంకులో కరెంటు లేదు. కరెంటున్న బంకు మొదటి రెండు రోజుల్లోనే ఖాళీ అయిపోయింది, నింపడానికి లారీ రాదు. లారీ ఎందుకు రాదంటే డిపోలో నింపే పంపు ఆగింది. నీ అడుగుల కింద పది వేల గ్యాలన్లు ఉంటాయి, ఒక్క చుక్క పైకి రాదు.

ఇందులో జనం ఎలా నెట్టుకొచ్చారు? మొదట, కారే ఇల్లయింది. ఫోను చార్జి పెట్టేది కారులో, వేడి కోసం కాసేపు కూర్చునేది కారులో, వార్తలు వినేది కారు రేడియోలో. హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో అమ్మానాన్నలు టెన్షన్‌తో పదేపదే ఫోను చేస్తుంటే, ఆ ఫోను బతికుండాలన్నా కారు స్టార్టు చేసి పెట్టాలి. ఇంజను ఊరికే నడుస్తుంటే పెట్రోలు ఖర్చవుతుంది. ముల్లు కిందికి దిగేకొద్దీ భయం. అందుకని ఇన్ని నిమిషాలని లెక్క పెట్టుకుని వాడారు. జనరేటరు ఉన్నవాళ్ల లెక్క ఇంకా గట్టిది. అయిదు కిలోవాట్ల జనరేటరును రాత్రింబవళ్లు నడిపితే రోజుకు పది గ్యాలన్లకు తక్కువ తాగదు. రెండు డబ్బాల పెట్రోలు ఒక్క రోజుకు. అందుకే పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు. ఫ్రిజ్ చల్లబడేంత వరకు, సెల్లార్‌లో నీళ్లు ఒక మట్టం దిగేంత వరకు. ఆపేశాక ఫ్రిజ్ తలుపు ఎవరూ తెరవకూడదు.

ఈ పొదుపు కొందరి ప్రాణాల మీదికి తెచ్చింది. శబ్దానికి, దొంగల భయానికి, వానకు జనరేటరును గరాజులోకి జరిపినవాళ్లున్నారు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. వెచ్చదనం కోసం ఇంట్లో బొగ్గుల పొయ్యి పెట్టుకున్నా అంతే. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం తన నివేదికలో, తుపాను గాలికో నీటికో నేరుగా కాకుండా, రోజుల తరబడి కరెంటు లేకపోవడం వల్ల పోయినవారు సుమారు 50 మంది అని లెక్కకట్టింది. చలికి ఒళ్లు చల్లబడి కొందరు, చీకట్లో మెట్ల మీద పడి ముసలివాళ్లు, విషవాయువుకు ఇంకొందరు. వీళ్లలో ఒక్కరినీ ఉప్పెన ముట్టుకోలేదు.

ఎత్తయిన అపార్టుమెంట్లలో కథ వేరు. నగర ప్రభుత్వం పేదల కోసం నడిపే గృహ సముదాయాల్లో నాలుగు వందలకు పైగా భవనాలకు కరెంటు పోయింది. కోనీ ఐలండ్, రెడ్ హుక్, రాకవే లాంటి తీరపు పేటల్లో. లిఫ్టు లేదు. పై అంతస్తులకు నీళ్లు ఎక్కించేదీ మోటారే కాబట్టి కుళాయిలో చుక్క లేదు. పదిహేనో అంతస్తులో చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి బంకు క్యూతో పని లేదు. కానీ ఆమెకు రోజూ మందులు తెచ్చిచ్చే సహాయకురాలికి కారుంది, ఆ కారులో పెట్రోలు లేదు. పెట్రోలు కొరత అనగానే కార్లున్నవాళ్ల ఇబ్బందిగా అనుకుంటాం. అది తప్పు. నర్సు డ్యూటీకి రాలేదు, లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు రాలేదు, కరెంటు రాలేదు, కరెంటు రాక బంకు తెరవలేదు. ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి అక్కడికే వస్తుంది.

ఇక భయంతో కొనడం గురించి. దీన్ని జనం అత్యాశగా తీసిపారేయడం తేలిక. లెక్క చూస్తే కొంచెం వేరుగా ఉంటుంది. ఒక ప్రాంతంలో పది లక్షల కార్లున్నాయనుకుందాం. ఒక్కో ట్యాంకు 15 గ్యాలన్లు. మామూలు రోజుల్లో సగటున సగం ట్యాంకుతో తిరుగుతాయి. రేపు దొరకదేమోనని అందరూ ఒకేసారి నిండా పోయించుకుంటే అదనంగా కావాల్సింది 75 లక్షల గ్యాలన్లు. తొమ్మిది వేల గ్యాలన్ల లారీలు 800కు పైగా. ఎవరూ ఒక్క మైలు కూడా ఎక్కువ తిరగలేదు. అయినా ఊరి బంకుల్లోని నిల్వ ఊరి కార్లలోకి మారిపోయింది. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ తమ పిల్లల కోసం జాగ్రత్త పడ్డారు, బంకులు ఖాళీ. 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్ల సమ్మె వార్తకు హైదరాబాదు బంకులు కొన్ని గంటల్లో ఎలా కిక్కిరిసిపోయాయో చూసినవాళ్లకు ఇది తెలుసు. అక్కడ వరదా లేదు, కరెంటు కోతా లేదు. మాట ఒక్కటే చాలింది.

న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ నవంబరు 3 మధ్యాహ్నం నుంచి 12 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) సరి-బేసి పద్ధతి పెట్టారు. నంబరు ప్లేటు చివరి అంకె బేసి అయితే బేసి తేదీన, సరి అయితే సరి తేదీన. చివర అక్షరం ఉంటే బేసి కింద లెక్క. డబ్బాలతో వచ్చేవాళ్లకు ఈ నిబంధన లేదు, అది సరైన నిర్ణయం. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్, జెర్సీ సిటీ ఉన్న హడ్సన్ రెండూ ఆ పన్నెండులో ఉన్నాయి. 1970ల చమురు సంక్షోభం తర్వాత ఆ రాష్ట్రం మళ్లీ ఈ పద్ధతి చూడటం అదే మొదలు. న్యూయార్క్ నగరం మాత్రం నవంబరు 9 దాకా ఆగింది. అప్పటికి పదకొండు రోజులు. సరి-బేసి వల్ల వాడకం తగ్గదు, పెట్రోలు పెరగదు. తగ్గేది క్యూ పొడుగు. రేపు నీ వంతు వస్తుందన్న నమ్మకం ఉంటే ఈ రోజు మూడు వంతులు నిండి ఉన్న కారుతో క్యూలో నిలబడవు. ఆ నమ్మకం మొదటి రెండు రోజుల్లో కావాలి. పదకొండో రోజున పెడితే, అది సర్దుకుంటున్న పరిస్థితికి ముద్ర వేయడమే తప్ప పెద్దగా చేసేదేమీ ఉండదు.

అంతకంటే పెద్ద పొరపాటు నవంబరు 3న జరిగింది. న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ క్యూమో, సైన్యం ట్యాంకర్ల దగ్గర ఒక్కొక్కరికి పది గ్యాలన్లు ఉచితంగా ఇస్తామని ప్రకటించారు. బ్రూక్లిన్, క్వీన్స్‌లలో నేషనల్ గార్డు ఆవరణల ముందు మైళ్ల కొద్దీ కార్లు చేరాయి. కొన్ని గంటలకే, ముందు అంబులెన్సులకు, సహాయ వాహనాలకు ఇవ్వాలి, సాధారణ ప్రజలు రావద్దు అని చెప్పాల్సి వచ్చింది. అప్పటికే క్యూలో గంటలు గడిపి, ఆ గంటల్లో ఉన్న కాస్త పెట్రోలూ కాల్చుకున్నవాళ్ల మాటేమిటి? ఉద్దేశం మంచిదే. కానీ కొరత ఉన్నచోట ఉచితం అంటే రమ్మని పిలవడమే, తర్వాత వద్దంటే ఎవరూ వినే స్థితిలో ఉండరు.

ఆ రోజుల్లో నిజంగా పనికొచ్చింది సమాచారం. సోమర్సెట్‌లోని ఫ్రాంక్లిన్ హైస్కూల్ పిల్లలు కొందరు, బంకులకు ఒక్కొక్కదానికీ ఫోన్లు చేసి, ఎక్కడ పెట్రోలుంది, ఎక్కడ లేదు, ఎక్కడ చార్జింగ్ మాత్రమే ఉంది అని ఆన్‌లైన్ మ్యాపులో రంగులతో గుర్తులు పెట్టారు. మ్యాప్లర్ అనే ఆ మ్యాపును ఫెడరల్ అధికారులు కూడా చూసుకున్నారు. అంత పెద్ద ప్రభుత్వం దగ్గర ఏ బంకు తెరిచి ఉందో చెప్పే జాబితా లేకపోవడం ఆశ్చర్యం. పిల్లలు చేయగలిగిన పనే అది, ఎవరూ చేయాలనుకోలేదు అంతే. పెట్రోలు వెతుక్కుంటూ పెట్రోలు తగలేసే తిరుగుడు ఆ మ్యాపు వల్ల కొంతైనా తగ్గింది.

నవంబరు 7న మంచు తుపాను వచ్చి, వచ్చిన కరెంటును కొన్ని చోట్ల మళ్లీ పోగొట్టింది. నవంబరు 13న న్యూజెర్సీ సరి-బేసి ఎత్తేసింది. క్యూలు పోయాయి. లాంగ్ ఐలండ్‌లోనూ, రాకవేలోనూ ఇంకా చీకట్లో ఉన్న ఇళ్లున్నాయి.

తర్వాత చేసిన మార్పుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. 2014లో ఫెడరల్ ప్రభుత్వం ఈశాన్య రాష్ట్రాల కోసం పది లక్షల బ్యారెళ్ల పెట్రోలు నిల్వ ఏర్పాటు చేసింది. అందులో ఎక్కువ భాగం న్యూయార్క్ రేవు ప్రాంతంలోని డిపోల్లోనే. 2012లో కొరత పెట్రోలుది కానప్పుడు, అదే గట్టు మీద ఇంకొన్ని ట్యాంకులు నింపి పెడితే, పంపు ఆగిన రోజున ఏం లాభం? పదేళ్లకు, 2024లో ఆ నిల్వను అమ్మేశారు. రెండోది న్యూయార్క్ రాష్ట్ర చట్టం. హైవే నుంచి దిగే చోట్లకు అర మైలు లోపున్న బంకులు జనరేటరు తగిలించుకునే స్విచ్చు ముందే బిగించుకోవాలని అది చెప్పింది. ఫ్లోరిడా 2004, 2005 తుపానుల దెబ్బలు తిని అలాంటి చట్టం అంతకుముందే తెచ్చుకుంది. ఖర్చు మొదటిదానితో పోలిస్తే చాలా తక్కువ, ఫలితం నేరుగా రోగానికే మందు.

మనకూ ఇది దూరపు సంగతి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు, రిఫైనరీ ఊళ్లోనే ఉన్నా బంకుల ముందు బారులు తీరి నిలబడ్డారు. అక్కడా రోజుల తరబడి కరెంటు లేదు. మన బంకుల్లో చాలావాటికి సొంత జనరేటరు ఉంటుంది, ఒకప్పటి రోజువారీ కోతల పుణ్యమా అని. ఈ ఒక్క విషయంలో కరెంటు ఎప్పుడూ పోని దేశం కంటే మనవాళ్లే కొంత సిద్ధంగా ఉన్నారు.

న్యూయార్క్ చట్టంలో ఒక లోటు మిగిలింది. అది ప్రధానంగా హైవే దిగే చోట్లను చూసి రాసింది, అంటే కారులో వచ్చేవాళ్ల కోసం. ఎర్ర డబ్బా పట్టుకుని నడిచి వచ్చినవాళ్లు హైవే దాకా పోలేరు. వాళ్లు నిలబడింది తమ వీధి చివర బంకు దగ్గర. ఆ బంకుల్లో ఎక్కువ శాతం ఒకే కుటుంబం నడిపే చిన్న వ్యాపారాలు, జనరేటరు కొనే స్తోమత లేనివి. వాటిని ఆ చట్టం పెద్దగా పట్టించుకోలేదు.